రెండు వందల పన్నెండు గ్రాములు

కొలిమి మేస్త్రి ప్లాటినం గిన్నెను దొంగిలించాడని ఆ పరిశోధన సంస్థలో తెలియనివారు లేరు. పదకొండేళ్ళ నాటి సంగతి. గిన్నె బరువు రెండు వందల పన్నెండు గ్రాములు. గేటు దగ్గరి వాచ్‌మన్ చెప్పే ప్రకారం మేస్త్రి దాన్ని సుత్తితో చదును చేసి, భోజనం డబ్బా అడుగున పరుచుకుని దర్జాగా నడిచిపోయాడు. క్యాంటీన్‌వాళ్ళ ప్రకారం నాలుగు ముక్కలుగా కోసి నాలుగు రోజుల్లో దాటించాడు. అది అతని కూతురి ఇంటి పునాదిలో ఉందని టైపిస్టు రూఢిగా చెప్పేది. శాస్త్రజ్ఞులు వదంతులు నమ్మరు గనుక ఒక్క మాటతో సరిపెట్టేవారు: “గిన్నె గాలిలో కలిసిపోదు కదా.” పదార్థం నశించదని చదువుకున్నవాళ్ళు ఆ మాట అనడంలో తప్పేమీ లేదు. ఆ సూత్రాన్ని ఇంకొక్క అడుగు ముందుకు తీసుకుపోయి, నశించనిది ఎక్కడ ఉండి ఉంటుందని వెతకడానికి మాత్రం ఎవరికీ తీరిక దొరకలేదు.

అందువల్ల ఆయన పేరు ప్లాటినం అయింది. ఎదురుగా మేస్త్రిగారు, వెనక ప్లాటినం.

ఆ ఉదయం ఏడున్నరకు మేస్త్రి ఎప్పటిలాగే కొలిమి గది తలుపును మోకాలితో తోసి, ఎడమ కాలితో ఇటుకను దగ్గరకు లాక్కుని, తలుపుకు అడ్డంగా పెట్టాడు. అది అగ్నిప్రమాదాల కోసం పెట్టిన ఇనుప తలుపు. వదిలితే స్ప్రింగు బలానికి దానంతటదే మూసుకుంటుంది. మూసుకుంటే పావుగంటలో గది కుంపటి అవుతుంది. గోడ పక్కన దొంతరగా పేర్చిన కొలిమి ఇటుకలు చాలా ఉన్నాయి గాని అవి బెండులాంటివి, వేడిని ఆపడానికి లోపలంతా గాలి బుడగలతో చేసినవి. తలుపు వాటిని నెట్టుకుంటూ మూసుకుపోయేది. ఈ ఒక్కటే కదలకుండా నిలబడేది. అందుకే పదకొండేళ్ళుగా ఆ పని దీనిది.

ఆయనకు కనుబొమలు లేవు. ముప్ఫై నాలుగేళ్ళ సెగకు అవి రాలిపోయి, మళ్ళీ రావడం మానుకున్నాయి. కొలిమి వైపు ఉండే కుడి చెంప ఎడమ చెంపకన్నా రెండు ఛాయలు నలుపు. అరచేతుల చర్మం చెప్పు అట్టలా గట్టిపడి, వేడి టీ గ్లాసును చుట్టూ పట్టుకున్నా ఏమీ తెలియని స్థితికి వచ్చింది. జేబులో నీలం అద్దాల కళ్ళజోడు ఉండేది. దాన్ని పెట్టుకుని కొలిమి కన్నంలోంచి లోపలి రంగు చూసి, ముందు తన అంచనా చెప్పుకుని, తరువాతే పరికరం చూసేవాడు. రిజిస్టరులో ఆఫీసు గీసిన గడులు రెండే: సమయం, పరికరం చూపిన వేడి. మూడో గడి ఆయన స్వయంగా స్కేలు పెట్టి గీసుకున్నాడు. దాని తలపై ‘కంటికి’ అని రాసుకున్నాడు. రెండు అంకెలకూ పది డిగ్రీలకు మించి తేడా వచ్చిన రోజు పరికరమే చెడిపోయి ఉండేది.

“కంటికి తొమ్మిది వందల నలభై,” అనుకున్నాడు. పరికరం తొమ్మిది వందల ముప్ఫై ఆరు చూపింది. రెండూ రాశాడు.

ఊడ్చే ఆమె బకెట్టుతో వచ్చి, తడిగుడ్డ వెయ్యడానికి ఇటుకను రెండు చేతులా ఎత్తి పక్కన పెట్టింది.

“దీనికేమైనా కడుపొచ్చిందా అన్నా? నా నడుం పోతోంది.”

“ఇటుక అంతే ఉంది చెల్లెమ్మా. నీకు వయసొచ్చింది.”

“నాకా? ఆ దొంతరలో ఇటుకలు చేతికొకటి ఎత్తుతాను. దీన్ని ఎత్తాలంటే రెండు చేతులూ కావాలి. వయసు నాకొచ్చిందో దీనికొచ్చిందో ఈ రోజు తేలాల్సిందే.”

“తేలాలంటే ఎంతసేపు, పక్క గదిలోనే త్రాసుంది. సాయంత్రం పెద్దోళ్ళు వెళ్ళాక తూచి చూద్దాం.”

“పందెమేంటి?”

“ఓడినోళ్ళు టీ పోయించాలి.”

“ఇన్నేళ్ళూ నీకు టీ తెచ్చేది నేనే. గెలిచి మాత్రం నేనేం బావుకున్నాను?”

మేస్త్రి నవ్వాడు. తరువాత ఆ నవ్వు కొంచెం ఆగింది. ఒకే బట్టీలో కాలిన, ఒకే కొలతగల రెండు ఇటుకలు రెండు బరువులు ఎందుకు తూగుతాయి? ఆ ప్రశ్న ఆయనకు మొట్టమొదటిసారి కలిగింది. పరికరాన్ని సైతం కంటితో సరిచూసుకునే మనిషి, మిగిలిన ఇటుకలన్నీ జారిపోయి ఇదొక్కటే ఎందుకు నిలబడుతోందని ఇన్నేళ్ళలో ఒక్కసారీ అడగలేదు. ఇంతలో వేడి తగ్గించే వేళయింది. ఆయన కొలిమి వైపు తిరిగాడు.

ఛాతీలో ఎడమ పక్కన మంటగా ఉంది. పొద్దున ఇంట్లో జరిగినదానివల్ల అనుకుని ఒక మాత్ర చప్పరించాడు.

పొద్దున జరిగినది కొత్తదేమీ కాదు. భార్య పోయాక ఆయన కూతురి ఇంట్లోనే ఉంటున్నాడు. వాన పడితే రెండు గిన్నెలు, ఒక బకెట్టు పెట్టుకోవలసిన రెండు గదుల ఇల్లు. టైపిస్టు రూఢిగా చెప్పే ప్లాటినం పునాది దానిదే. మంచం కింది తన రేకు పెట్టె తాళం సరిగ్గా పడి లేదని చూశాడు. లోపల చొక్కాల మడతలు మారాయి. ఏడాదికి రెండుసార్లు మారతాయి. అల్లుడు ఎదురుగా కూర్చుని, మర్యాదగా గొంతు తగ్గించి అడిగాడు.

“మావయ్యా, నెలాఖరుకి రిటైరవుతున్నారు. ఇంకా మనలో మనకి దాపరికమెందుకండీ?”

“దాపరికమేంటయ్యా?”

“అదే, మీ వస్తువు.”

“నా దగ్గర ఏ వస్తువూ లేదు. ఎన్నిసార్లు చెప్పను?”

“మీరు చెప్పరని తెలుసులెండి. అంత తేలిగ్గా చెప్పే మనిషైతే ఇన్నేళ్ళు దాచగలరా?”

లేదంటే ఉన్నట్టు, గట్టిగా లేదంటే ఇంకా గట్టిగా ఉన్నట్టు. ఈ తర్కానికి సమాధానం ఏ పుస్తకంలోనూ లేదు. అల్లుడు ఇన్నేళ్ళుగా ‘అండీ’ అంటున్నదీ, హాల్లో ఫ్యాను కింద మంచం వేయించినదీ ఆ వస్తువు మీది గౌరవంతోనే అని మేస్త్రికి తెలుసు. గుమ్మం దాటుతుంటే కూతురు భోజనం డబ్బా చేతికిస్తూ అంది:

“ఆయన అడిగిన పద్ధతి బాగోలేదు నాన్నా, నిజమే. నాకైనా చెప్పొచ్చుగా?”

ఆయన డబ్బా తీసుకుని వచ్చేశాడు.

మూడు దేశాల సంస్థలు కలిసి నడుపుతున్న ప్రాజెక్టు అది. ఒక దేశం పరికరాలు ఇస్తుంది, ఒక దేశం లెక్కలు కడుతుంది, ఈ సంస్థ స్ఫటికాలు పెంచుతుంది. ఆవగింజంత స్ఫటికం అయస్కాంతపు గుణాన్ని చెప్పుచేతల్లో పెట్టుకుంటే రేపటి యంత్రాలన్నీ మారిపోతాయని కాగితాల్లో రాసేవారు. స్ఫటికం పెంచడమంటే సీసపు తుప్పు పొడిలో మిగిలిన దినుసులు కలిపి, ప్లాటినం గిన్నెలో కరిగించి, గంటకు రెండు డిగ్రీల చొప్పున మూడు వారాలు చల్లబరచడం. సీసపు పొడి కరిగి ద్రవంగా ఉన్నంతసేపూ కొలిమిలోకి ప్రాణవాయువు వెళ్తూ ఉండాలి. పొరపాటున హైడ్రోజన్ వెళ్తే ఆ పొడి సీసం లోహంగా మారిపోతుంది. ప్లాటినానికి అంతకు మించిన శత్రువు లేదు. ఆ లోహంలో ప్లాటినం, వేడి టీలో చక్కెర పలుకు కరిగినట్టు కరిగిపోతుంది.

ఈ సంగతి తెలిసే మేస్త్రి ఒక అలవాటు చేసుకున్నాడు. సిలిండర్ల మెడకు వేసే రంగులు దేశానికొక రకం. పరికరాలిచ్చిన దేశంలో ఏ రంగు ప్రాణవాయువుకు గుర్తో, ఇక్కడ అదే రంగు హైడ్రోజన్ మిశ్రమానికి గుర్తు. అందుకని ప్రతి కొత్త సిలిండరు రాగానే ఆయన చీటీ చదివి, ప్రాణవాయువుదైతే తెల్ల పీలిక, రెండోదైతే నల్ల పీలిక దాని మెడకు కట్టేవాడు. పీలికలు భార్య పాత చీరలవి. అతిథులుగా వచ్చిన శాస్త్రజ్ఞులు వాటిని చూసి ఇదేదో మొక్కు కాబోలనుకుని ఫొటోలు తీసుకునేవారు.

పదకొండేళ్ళ క్రితం భార్య ఆసుపత్రిలో పన్నెండు రోజులుండి పోయింది. ఆ పన్నెండు రోజులూ ఆయన సెలవులో ఉన్నాడు. ఒక్కసారి మాత్రం వైద్యం కాగితంపై సంతకం కోసం సంస్థకు వచ్చి, ఆమె ఉతికిన బట్టలున్న సంచితో తిరిగి వెళ్ళాడు. కొలిమి గది రెండో తాళంచెవి ఆయన మొలతాడుకే ఉంది. వాచ్‌మన్ సంచిని చూశాడు. ఆ తరువాత గిన్నె లేదన్నారు. కర్మకాండలకు ఖాళీ లేని మనిషి పదమూడో రోజున పనిలోకి వచ్చేసరికి కొలిమి అడుగున కొత్త ఇటుకలు పరిచి ఉన్నాయి, పాతవి వెనక చెత్తకుప్పలో ఉన్నాయి. వాటిలో ఒకటి తలుపుకు పనికొస్తుందని ఆయన తెచ్చుకున్నాడు.

అప్పటి ప్రాజెక్టు అధిపతి, ఇప్పటి డైరెక్టరు, నివేదికలో ఒక్క వాక్యం రాశాడు: “కొలిమి తెరిచి చూడగా పాత్ర కనబడలేదు.” విచారణ మొదలుపెట్టారు, ముగించలేదు. సర్వీసు ఫైలులో ‘విచారణలో ఉంది’ అన్న ముద్ర ఉండిపోయింది. ఆ ముద్ర ఉన్నవాడి పేరు పరిశోధన పత్రాల చివర కృతజ్ఞతల్లో కూడా వేయకూడదట. ఆయన పెంచిన స్ఫటికాలపై నలభై ఒక్క పత్రాలు వచ్చాయి. రోజూ సాయంత్రం గేటు దగ్గర ఆయన డబ్బా ఒక్కటే మూత తీయించేవారు.

పదకొండింటికి ఆయన చేతులు కడుక్కుని, చొక్కా గుండీలు పై దాకా పెట్టుకుని డైరెక్టరు గదికి వెళ్ళాడు. టైపిస్టు చేత కొట్టించిన ఉత్తరం ఆరు నెలలుగా ఆ బల్లపైనే ఉంది. “పాత్ర కనబడకపోవడానికీ ఈ ఉద్యోగికీ సంబంధం లేదు.” ఆ ఒక్కటే వాక్యం. కింద సంతకానికి చోటు.

“ఈ రోజే కావాలా మేస్త్రీ?” అన్నాడు డైరెక్టరు, కొత్త టై సర్దుకుంటూ.

“తొమ్మిది రోజులే ఉన్నాయండి.”

“నీకు సంబంధం లేదని నేను రాస్తే, మరెవరికుందని అడుగుతారు. గిన్నె మనది కూడా కాదు, పరికరాలిచ్చినవాళ్ళది.”

“ఎవరికుందో నాకు తెలీదండి. నాకు లేదని మాత్రం తెలుసు. డబ్బూ వద్దు, సన్మానమూ వద్దు. దొంగ కాదని ఒక్క ముక్క ఉంటే, ఇంటికి పట్టుకెళ్ళి మా అమ్మాయికి చూపిస్తాను.”

డైరెక్టరు కిటికీ వైపు చూశాడు. చెడ్డవాడు కాదు. చెడ్డపని ఒకసారి చేసి, దాన్ని కాపాడుకుంటూ వస్తున్నవాడు.

“మూడో విడత నిధులు ఇవ్వాలో వద్దో ఈ రోజు కమిటీ చెప్తుంది. ఇవ్వకపోతే వచ్చే నెల ముప్ఫై నాలుగు మందికి జీతాల్లేవు. రెండున్నరకి నువ్వు గిన్నె వంచి చూపించాలి. అది బాగా జరగనీ. ఐదింటికి రా, పెట్టేస్తాను.”

“ఐదింటికి.”

“మాటిచ్చానుగా.”

మేస్త్రి తిరిగి వస్తూ మెట్ల దగ్గర ఆగి, కమ్మీ పట్టుకుని, మంట తగ్గేదాకా నిలబడ్డాడు. మధ్యాహ్నం డబ్బా తెరవలేదు.

రెండున్నరకు కమిటీ వచ్చింది. కొత్త తెల్లకోట్లు, కొత్త కళ్ళజోళ్ళతో ఐదుగురు. వారిలో నెరిసిన జుట్టావిడ పరికరాలిచ్చిన దేశంనుంచి వచ్చింది. పదకొండేళ్ళ క్రితం ఆమె ఇక్కడ రెండు నెలలు అతిథి పరిశోధకురాలిగా పనిచేసింది. మేస్త్రి సెలవులో ఉన్న రోజుల్లో కొలిమి నడిపిందీ ఆమే. దాన్ని తెరవడానికి రెండు రోజుల ముందే విమానం ఎక్కింది. ఇప్పుడు అక్కడి సంస్థకు పెద్ద.

మేస్త్రి నీలం కళ్ళజోడు పెట్టుకుని, కొలిమి తలుపు ఎత్తి, ఆరడుగుల పట్టకారుతో ఎర్రగా వెలుగుతున్న గిన్నెను బయటికి తీశాడు. గిన్నెను వంచగానే, కరిగిన సీసపు ద్రవం తేనె రంగులో మందంగా ఇసుక తొట్టిలోకి జారింది. గోడలను అంటిపెట్టుకుని స్ఫటికాలు మిగిలాయి. నల్లగా, పలకలుపలకలుగా, ఎవరో సానపట్టి అతికించినట్టుగా. వాటిలో ఒకటి బొటనవేలంత ఉంది. ఆ ప్రాజెక్టు చరిత్రలో అంత స్ఫటికం ఎవరూ చూడలేదు. మేస్త్రి గిన్నెను మెల్లగా చల్లారడానికి తిరిగి కొలిమిలో పెట్టి, తలుపు దించాడు.

నెరిసిన జుట్టావిడ ఏదో అడిగింది. “మా బృందం కృషి,” అని డైరెక్టరు వాళ్ళ భాషలో బదులిచ్చాడని మేస్త్రికి అర్థమైంది. అన్ని దేశాలవాళ్ళూ అదే ముఖంతో ఆ మాట అంటారు. తరువాత ఆమె మేస్త్రిని పరీక్షగా చూసి, గొంతు తగ్గించి ఇంకో మాట అంది. ఆమె భాషలో ఆయనకు తెలిసిన మాటలు పది ఉంటాయి. అందులో ‘గిన్నె’ ఒకటి. వచ్చిన ప్రతి పెట్టెపైనా ముద్రించి ఉండేది. ఆమె వాక్యంలో ఆ మాట ఉంది, చివర ప్రశ్న ఉంది.

మేస్త్రి డైరెక్టరు ముఖంలోకి చూశాడు. ఐదింటి దాకా ఆగనక్కర్లేదు. కాదు అన్న ఒక్క మాట చాలు, తల అడ్డంగా ఊపినా చాలు.

డైరెక్టరు తల కొద్దిగా పక్కకు వంచి, మర్యాదగా చిరునవ్వు నవ్వాడు.

ఆమె కూడా నవ్వింది, జాలిగానే. మేస్త్రి పక్కనున్న బల్లపై పెట్టిన తన చేతిసంచీని తీసి, భుజానికి తగిలించుకుంది. అందరూ పై అంతస్తులో తెరపై వేసే బొమ్మలు చూడటానికి వెళ్ళిపోయారు.

మేస్త్రి స్టూలుపై కూర్చున్నాడు. మూడు గంటలకు రిజిస్టరులో రెండు అంకెలూ రాశాడు. కంటికి ఎనిమిది వందల ఎనభై, పరికరానికి ఎనిమిది వందల ఎనభై. ముప్ఫై నాలుగేళ్ళలో రెండూ ఒకటే కావడం అరుదు. మూడున్నర గడిలో సమయం మాత్రం రాసి ఉంది.

టీ తెచ్చిన ఊడ్చే ఆమె పిలిచింది. భుజం కదిపింది. గ్లాసు బల్లపై పెట్టి, పరుగెత్తకుండా, వేగంగా నడిచి పైకి వెళ్ళి, చీకటి గదిలో బొమ్మల ముందు మాట్లాడుతున్న డైరెక్టరుకు సైగ చేసింది. ఆయన వచ్చి చూశాడు. మణికట్టు పట్టుకున్నాడు, వదిలాడు. గడియారం చూసుకున్నాడు.

“ఇంకో గంటన్నర. వాళ్ళు వెళ్ళేదాకా ఎవరికీ చెప్పొద్దు.”

“అయ్యా, మనిషి పోయాడండీ.”

“పోయాడు కాబట్టే. ఇప్పుడతనికి తొందరేముంది?”

ఆయన తలుపు మూయబోయాడు. ఇటుక అడ్డం వచ్చింది. బూటు కొనతో తోశాడు, కదల్లేదు. మడమతో బలంగా నెట్టాడు. అది గరగరమంటూ గోడ వారకు జరిగింది.

“తలుపేస్తే లోపల వేడెక్కిపోద్దండీ,” అంది ఆమె. “ఫ్యాను వెయ్యనా?”

డైరెక్టరు ఆమె వేళాకోళం చేస్తోందేమోనని చూశాడు. ఆమె చెయ్యట్లేదు.

“వెయ్యి,” అన్నాడు.

కమిటీ ఐదింటికి చేతులు కలిపి కార్లెక్కింది. అప్పుడు అంబులెన్సుకు ఫోను చేశారు. గేటు దగ్గర స్ట్రెచరును బండిలోకి ఎక్కిస్తుంటే, ఆయన కాళ్ళ దగ్గర పెట్టిన డబ్బాను వాచ్‌మన్ తీసుకుని, అలవాటు చొప్పున మూత తీశాడు. లోపల మధ్యాహ్నపు భోజనం పెట్టింది పెట్టినట్టే ఉంది. ఒక క్షణం చూసి, అడుగు దాకా స్పూనుతో కదిపి, మూత పెట్టి ఇచ్చేశాడు.

ఉత్తరంపై సంతకం అవసరం పడలేదు. ఉద్యోగి పోతే విచారణ దానంతటదే ముగుస్తుందని నిబంధన. ముగిసిందంటే తేలిందని కాదు. రెండు వారాలకు మూడో విడత నిధులు మంజూరయ్యాయి. బొటనవేలంత స్ఫటికం ఫొటో మూడు దేశాల పత్రికల్లో, డైరెక్టరు అరచేతిలో మెరుస్తూ అచ్చయింది.

అల్లుడు సామాను తీసుకుపోవడానికి వచ్చి, కొలిమి గదిలోని మేస్త్రి అల్మరా ఖాళీ చేసి, అడుగు రేకు ఎత్తి చూసి, వెనక పలకను వేలితో కొట్టి విన్నాడు. నీలం కళ్ళజోడు, రెండు తువ్వాళ్ళు, చీర పీలికల కట్ట ఒకటి దొరికాయి. పీలికలు అక్కడే వదిలేశాడు.

“ఇంకేమన్నా వదిలిపెట్టారా?” అని ఊడ్చే ఆమెను అడిగాడు.

“ఇంకేముందయ్యా, ఈ ఇటుకుంది. ఆయన పెట్టుకున్నదే.”

“ఇటుకలు మోసుకుపోవడానికా నేనొచ్చింది?” అని అతను నవ్వి, దాన్ని దాటుకుని వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం ఆమె ఇటుకను పక్క గదికి మోసుకెళ్ళి త్రాసుపై పెట్టింది. పందెం పందెమే. అంకెలు చదవడం ఆమెకు వచ్చు. దొంతరలోని ఇటుక ఒక కిలో మూడు వందల పది గ్రాములు. ఇది ఒక కిలో ఎనిమిది వందల డెబ్బై. గెలిచింది. టీ పోయించవలసిన మనిషి లేడు. సుద్దముక్కతో ఇటుక మొహంపై 1870 అని రాసి, తెచ్చి తలుపుకు అడ్డం పెట్టింది.

పదకొండేళ్ళ క్రితం జరిగినది ఇంతే. మేస్త్రి సెలవులో ఉండగా కొత్త సిలిండరు వచ్చింది. దాని మెడకు పీలిక కట్టే చెయ్యి ఆసుపత్రిలో ఉంది. నెరిసిన జుట్టావిడ తన దేశపు రంగు చూసి, ప్రాణవాయువే అనుకుని దాన్ని తిప్పింది. అది హైడ్రోజన్. సీసం లోహమై గిన్నెను మింగింది. దాని పైనున్న ద్రవం కొలిమి అడుగు ఇటుకను తిని గుంత చేసింది. లోహమంతా ఆ గుంతలోకి దిగింది. పైన, తిన్న ఇటుక బరువుకు బదులుగా, నల్లటి గాజు మూతలా గడ్డకట్టింది. కొలిమి తెరిచిన అధిపతికి ఆ నలుపు చూడగానే అర్థమైంది. విదేశీ అతిథిది తప్పని రాస్తే నిధులు పోతాయి. అందువల్ల అడుగు ఇటుకలు పెకలించి పారవేయించి, పాత్ర కనబడలేదని రాశాడు. ఆ వాక్యంలో అబద్ధం లేదు.

రెండు ఇటుకల మధ్య తేడా ఐదు వందల అరవై గ్రాములు. అందులో సీసం మూడు వందల నలభై ఎనిమిది. మిగిలిన రెండు వందల పన్నెండు గ్రాములు ప్లాటినం. అది ఏనాడూ ఆ సంస్థ గేటు దాటలేదు. తీసివేత రానివారు ఆ భవనంలో ఎవరూ లేరు. వారందరూ రోజుకు నాలుగుసార్లు దాటి వెళ్ళే తలుపు దగ్గర, సుద్ద అంకె మీద బూటు గుర్తులతో, ఆ ఇటుక కదలకుండా నిలబడి ఉంది.